మస్జిదె నబవీకి వెళ్తున్నవారు: ఎలా సిద్ధం కావాలి, అక్కడ ఎలా మెలగాలి

హజ్‌కో ఉమ్రాకో వెళ్లడం ఖాయమైన రోజు నుంచి మన ఇళ్లలో సన్నాహమంతా మక్కా చుట్టూనే తిరుగుతుంది. తవాఫ్ (కాబా ప్రదక్షిణ) ఎన్ని చుట్లు, సయీ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక) ఎక్కడ మొదలుపెట్టాలి, ఇహ్రాం (యాత్రా దీక్ష)లో ఏవి చేయకూడదు అన్నవి శిక్షణ తరగతుల్లో ఒకటికి రెండుసార్లు చెబుతారు. మదీనా దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అక్కడ సలాం చెప్పుకుని, నమాజులు చదువుకుంటే చాలు" అని ముగించేస్తారు. ఆ మాట తప్పు కాదు. మదీనా జియారత్ (సందర్శన) హజ్‌లో భాగం కాదు, అక్కడ తప్పిపోతే పరిహారం చెల్లించాల్సిన విధి ఏదీ లేదు. కానీ విధులు లేనిచోట మన నడవడికే అంతా అవుతుంది. మదీనాలోని దైవప్రవక్త (స) మసీదైన మస్జిదె నబవీలో ఎలా నిలబడాలి, ఎంత గొంతుతో మాట్లాడాలి, పక్కవారితో ఎలా ఉండాలి అన్నది ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లాలి. అక్కడికి చేరాక ఆ జనసందోహంలో నేర్చుకునే తీరిక దొరకదు.

బయలుదేరే ముందు

మొదట సంకల్పం సరిచేసుకోండి. మూడు మసీదుల కోసం తప్ప ప్రత్యేకంగా ప్రయాణం కట్టవద్దని దైవప్రవక్త (స) చెప్పారు: మక్కాలోని మస్జిదుల్ హరామ్, మదీనాలోని తన మసీదు, జెరూసలేంలోని మస్జిదుల్ అఖ్సా. తన మసీదులో చేసే ఒక నమాజు, మస్జిదుల్ హరామ్ మినహా, మరెక్కడ చేసే వెయ్యి నమాజులకన్నా మేలైనదని కూడా చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు సంకలనాల్లోనూ ఉన్న హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) ఇది. ఈ వెయ్యి రెట్ల శుభవార్త మసీదు మొత్తానికి వర్తిస్తుంది, తర్వాతి కాలాల్లో విస్తరించిన భాగాలకూ వర్తిస్తుందని ఎక్కువమంది పండితులు చెబుతారు. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే అక్కడ సగం తోపులాట తగ్గుతుంది.

తర్వాత ఆ మసీదు ఎలా పుట్టిందో చదువుకోండి. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా విడిచి వచ్చినప్పుడు ఆయన ఒంటె ఒకచోట మోకరిల్లింది. అది ఖర్జూరాలు ఆరబోసే కళ్లం. సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వాళ్లు ఊరికే ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపు ఆకులు. ఇటుకలు మోసినవారిలో ఆయనా ఒకరు. ఒక రమజాన్ రాత్రి వాన కురిసి ఆ కప్పు కారింది. ఆయన బురదలోనే సజ్దా (సాష్టాంగం) చేశారు, నమాజు ముగిశాక నుదుట మట్టి కనిపించిందని సహచరులు చెప్పుకున్నారు. మసీదు చివర సుఫ్ఫా అనే నీడపట్టున ఇల్లూవాకిలీ లేని పేదలు ఉండేవారు. అబూ హురైరా (రజి) అక్కడ ఆకలితో పడి ఉంటూనే హదీసులు నేర్చుకున్నారు.

ఇప్పుడు మీరు చూడబోయేది 10 మీనార్లు, 27 కదిలే గుంబజులు, ఎండవేళ విచ్చుకునే 250 పెద్ద గొడుగులు, చల్లటి పాలరాతి నేల ఉన్న మహా కట్టడం. దాన్ని చూసి ఆశ్చర్యపోండి, తప్పులేదు. కానీ ఆ కళ్లం, ఆ బురద, ఆ ఆకలి తెలియకుండా వెళ్తే మీరు చూసేది కట్టడం ఒక్కటే అవుతుంది.

ఖుర్ఆన్‌లోని 49వ సూరా (అధ్యాయం) అల్ హుజురాత్ మొదటి ఐదు ఆయతులను (వాక్యాలను) అర్థంతో సహా చదవండి. ప్రవక్త స్వరంకన్నా మీ స్వరాలు పెంచకండి, అలా చేస్తే మీకు తెలియకుండానే మీ కర్మలు వృథా అవుతాయి అన్న హెచ్చరిక అందులో ఉంది. మదీనాకు తీసుకెళ్లాల్సిన సామానులో మొదటిది ఇదే.

జనాజా నమాజు (మృతుల కోసం చేసే నమాజు) విధానం కూడా నేర్చుకోండి. దీన్ని శిక్షణ తరగతుల్లో దాదాపుగా మరిచిపోతారు. మదీనాలో సాధారణంగా ప్రతి ఫర్జ్ (విధి) నమాజు కాగానే జనాజా నమాజు ఉంటుంది. సలాం తిప్పిన కాసేపటికి మైకులో "అస్సలాతు అలల్ అమ్‌వాత్" అని వినిపిస్తుంది. నాలుగు తక్బీర్లు ('అల్లాహు అక్బర్' అనడం) ఉంటాయి, రుకూ (నడుం వంచడం) సజ్దాలు లేవు. స్త్రీలూ ఉన్నచోటే నిలబడి చేరవచ్చు. మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఈ అవకాశమే రాదు కాబట్టి దుఆలు (వేడుకోళ్లు) తెలియక దిక్కులు చూస్తుంటారు. అమ్మకు, అత్తకు, అక్కకు ముందే నేర్పండి. ఎక్కడి నుంచో వచ్చి ఆ పుణ్యనగరంలో కన్నుమూసిన అపరిచితుల కోసం నిలబడి క్షమాపణ కోరడం చిన్న భాగ్యం కాదు.

ఇక సలాంల జాబితా. మీరు వెళ్తున్నారని తెలియగానే బంధువులు, ఇరుగుపొరుగువారు వచ్చి "హుజూర్ (స) దగ్గర మా సలాం చెప్పండి" అంటారు. కొందరు చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంటారు. ఎన్నో ఏళ్లుగా దరఖాస్తు పెట్టి పేరు రానివారు, డబ్బు కూడనివారు, మంచం దిగలేనివారు వాళ్లలో ఉంటారు. "అలాగే" అని తల ఊపి మరిచిపోవద్దు. ఒక చిన్న కాగితం మీద పేర్లు రాసి జేబులో పెట్టుకోండి. ఫోనులో రాసుకుంటే ఆ వరుసలో నడుస్తూ వెతకడం కష్టం.

చివరిగా అనుమతి సంగతి. రౌజాలో, అంటే ప్రవక్త (స) ఇంటికి, మింబర్ (ప్రసంగ వేదిక)కు మధ్య ఉన్న చోట, నమాజు చేయడానికి సౌదీ ప్రభుత్వపు నుసుక్ యాప్‌లో సమయం తీసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలతో పేరు నమోదు చేసుకుని, పురుషులకు స్త్రీలకు వేర్వేరుగా ఉన్న సమయాల్లో ఒకటి ఎంచుకోవాలి. నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో మరోసారి చూసుకోండి. బృందంతో వెళ్తున్నట్లయితే మీ కోసం ఎవరు తీసుకుంటున్నారో ముందే అడిగి తెలుసుకోండి. యాప్ వాడటం రాని పెద్దలకు ఇంట్లోని పిల్లలే చేసిపెట్టి, ఆ చిత్రాన్ని కాగితం మీద ముద్రించి ఇవ్వడం మంచిది.

చేరిన రోజు

మక్కా నుంచి మదీనా సుమారు 450 కిలోమీటర్లు. బస్సు దిగగానే సామాను గదిలో పడేసి పరుగెత్తవద్దు. స్నానం చేయండి, ఏదైనా తినండి, కాసేపు నడుం వాల్చండి. శుభ్రమైన దుస్తులు వేసుకుని, అత్తరు ఉంటే పురుషులు రాసుకుని, దారి పొడవునా దరూద్ (ప్రవక్తపై శుభం కోరే పలుకులు) చదువుతూ నడవండి. అలసటతో, ఆకలితో, చెమటతో వెళ్తే మొదటి సలాంలో మనసు నిలవదు.

ఆవరణలోకి అడుగుపెట్టే ముందు ఏ ద్వారం గుండా వెళ్తున్నారో దాని సంఖ్య గుర్తుపెట్టుకోండి. ద్వారాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, దారి తప్పేవారు రోజూ ఉంటారు. చెప్పులు అరల్లో వదలకుండా చిన్న సంచిలో పెట్టి వెంట ఉంచుకోవడమే మేలు. కుడికాలు ముందుపెట్టి, ప్రవక్త (స)పై సలాం పంపి, "అల్లాహుమ్మఫ్‌తహ్ లీ అబ్‌వాబ రహ్‌మతిక" అని చదవండి. అల్లాహ్ కారుణ్య ద్వారాలు తెరవమని వేడుకోవడం అది, ఏ మసీదుకైనా ఇదే దుఆ. లోపల ఎక్కడ చోటు దొరికితే అక్కడ రెండు రకాతుల తహియ్యతుల్ మస్జిద్ (మసీదులోకి రాగానే చేసే నమాజు) చదవండి. జమాత్ (సామూహిక నమాజు) వేళ అయితే ముందు జమాత్. సలాం ఆ తర్వాతే.

సలాం చెప్పడం

పురుషులు పశ్చిమాన ఉన్న బాబుస్సలాం గుండా వరుసలో ప్రవేశించి, ప్రవక్త (స) సమాధి ఎదురుగా సాగి, తూర్పున బాబుల్ బఖీ గుండా బయటికి వస్తారు. సమాధి ఉన్న ఈ చోటు ఒకప్పుడు ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజి) గది. ప్రవక్త (స) అక్కడే పరమపదించారు, అక్కడే ఖననం చేశారు. తర్వాత మొదటి ఇద్దరు ఖలీఫాలు అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి) కూడా ఆయన పక్కనే విశ్రమించారు. ఆ గది మొదట మసీదుకు ఆనుకుని బయట ఉండేది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో, సుమారు క్రీ.శ. 707లో జరిగిన విస్తరణతో మసీదు లోపలికి వచ్చింది. దాని మీద కనిపించే గుంబజు 13వ శతాబ్దంలో మొదట కట్టినది, ఆకుపచ్చ రంగు వేసింది 19వ శతాబ్దంలో.

ఎదురుగా బంగారు రంగు జాలీలు కనిపిస్తాయి. వాటిలో పెద్ద రంధ్రం ప్రవక్త (స)కు ఎదురుగా ఉంటుంది. అక్కడ చూపు దించి, మెల్లగా "అస్సలాము అలైక యా రసూలల్లాహ్" అనండి. ఒక అడుగు కుడివైపు జరిగి "అస్సలాము అలైక యా అబా బక్ర్", మరో అడుగు జరిగి "అస్సలాము అలైక యా ఉమర్". అంతే. అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమర్ (రజి) ప్రయాణం నుంచి తిరిగి వచ్చినప్పుడల్లా ఇలాగే చెప్పేవారు. మూడో మాట దగ్గర మాత్రం "ఓ నాన్నా" అనేవారు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఆయన తండ్రి. ప్రవక్త (స)ను కళ్లారా చూసిన సహచరుడు మూడు వాక్యాలతో ముగించాడంటే, పుస్తకం తెరిచి పేజీలకు పేజీలు బిగ్గరగా చదవాల్సిన అవసరం మనకు లేదు. వెనుక వందలమంది కదులుతుంటారు, నిలబడే వీలు క్షణాలే.

జేబులోని కాగితం ఇప్పుడు తీయండి. "అస్సలాము అలైక యా రసూలల్లాహ్" అన్నాక ఫలానావారి నుంచి అని పేరు చెప్పండి. పేర్లన్నీ చదివే వీలు లేకపోతే "సలాం పంపిన వారందరి తరఫున" అని ఒక్కసారి అనవచ్చు.

జాలీలను తాకవద్దు, ముద్దు పెట్టవద్దు. ఫోను ఎత్తి వీడియో తీస్తూ నడవవద్దు. ఈ రెండో విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. ఎన్నో ఏళ్లు కలగన్న ఆ కొన్ని అడుగుల దూరాన్ని ఒక చిన్న తెర లోంచి చూసి వచ్చేవారు ఎందరో. ఇంట్లోవాళ్లకు ఆవరణలో నిలబడి ఫోను చేసి మాట్లాడవచ్చు. ఆ వరుసలో మాత్రం ఫోను జేబులోనే ఉండాలి.

మదీనా నుంచి కాబా దక్షిణాన ఉంటుంది. సమాధి వైపు నిలబడినప్పుడు మీ వీపు ఖిబ్లా (నమాజులో తిరిగే కాబా దిశ) వైపు ఉంటుంది. అందుకే అక్కడ సలాం చెప్పి, ముందుకు కదిలి, ఖిబ్లా వైపు తిరిగి దుఆ చేయండి. సలాం ప్రవక్త (స)కు, వేడుకోలు అల్లాహ్‌కు. తన సమాధిని ఉత్సవ స్థలంగా చేయవద్దని, ఎక్కడి నుంచి దరూద్ పంపినా తనకు చేరుతుందని ఆయనే చెప్పారు.

స్త్రీలు రౌజాకు కేటాయించిన తమ సమయంలో అక్కడి నుంచే సలాం చెబుతారు. నెలసరి వచ్చి ఆ కొన్ని రోజులూ మసీదులోకి వెళ్లలేని వారు కుమిలిపోవద్దు. బయటి నుంచి, గది నుంచి చెప్పిన సలాం కూడా చేరుతుందన్న మాట పైన చెప్పుకున్నదే. దరూద్‌కు, జిక్ర్‌కు (దైవస్మరణకు), దుఆకు ఏ ఆటంకమూ లేదు.

రౌజాలో

"నా ఇంటికి, నా మింబర్‌కు మధ్య ఉన్నది స్వర్గవనాల్లో ఒక వనం" అని దైవప్రవక్త (స) అన్నారు. ఆ ఇంటికీ ఆ మింబర్‌కూ మధ్య ఉన్న కొద్దిపాటి చోటే రౌజా, దీన్నే రియాజుల్ జన్నా అంటారు. ఇక్కడ తెల్లటి పాలరాతి స్తంభాలు ఉంటాయి. చెప్పిన సమయానికి ముందే వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి)తో సిద్ధంగా ఉండండి. గుంపులు గుంపులుగా పంపుతారు, లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలు.

లోపలికి వదలగానే పరుగు మొదలవుతుంది. మీరు పరుగెత్తవద్దు. మీ గుంపుకు సరిపడా చోటు ఉంటుంది. రెండు రకాతులు చదవండి, సజ్దాలో ఎక్కువసేపు ఉండండి, సమయం మిగిలితే కూర్చుని దుఆ చేయండి. మీరు నిలబడి ఇంకో నాలుగు రకాతులు కలుపుకోవడంకన్నా వెనుక చోటు దొరకని ముసలాయనకు జరగడం మంచి పని. హనఫీ పద్ధతి పాటించేవారు ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత సూర్యుడు పైకి వచ్చేవరకు, అస్ర్ (సాయంత్రపు నమాజు) తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) వరకు నఫిల్ (ఐచ్ఛిక నమాజు) చదవరు. కాబట్టి యాప్‌లో సమయం ఎంచుకునేటప్పుడే అది చూసుకోండి. ఆ వేళలే దొరికితే దరూద్, దుఆ చేసుకోండి.

అక్కడ ఒక ఖర్జూరపు మొద్దు కథ గుర్తుచేసుకోండి. ప్రవక్త (స) మొదట్లో ఒక మొద్దుకు ఆనుకుని ప్రసంగించేవారు. తర్వాత మింబర్ చేయించారు. ఆయన మొదటిసారి మింబర్ ఎక్కిన రోజు ఆ మొద్దు ఏడ్చింది. మసీదులో ఉన్నవారందరూ విన్నారు. ఆయన కిందికి దిగి వచ్చి దాన్ని అక్కున చేర్చుకుంటే, ఊరడించిన పసిపిల్లలా మెల్లగా శాంతించింది. బుఖారీలో ఉన్న ఉదంతం ఇది. ఆ మొద్దు ఉన్నచోటుకు గుర్తుగా మిహ్రాబ్ (ఇమాం నిలబడే గూడు) పక్కన ఒక స్తంభం ఉంది. మరో స్తంభం అబూ లుబాబా (రజి)ది. తాను చేసిన తప్పుకు పశ్చాత్తాపంతో ఆయన తనను తాను అక్కడ కట్టేసుకున్నారు, క్షమాపణ వచ్చేదాకా విప్పుకోలేదు. ఈ స్తంభాలను రుద్దడానికి, ముట్టుకోవడానికి పోటీపడకండి. ఆ మనుషులు ఏ వేదనతో అక్కడ నిలిచారో తలుచుకుని మీ తప్పులకు క్షమాపణ అడగండి.

రౌజాకు అనుమతి దొరకకపోతే? వెయ్యి రెట్ల నమాజు మసీదులో ఎక్కడైనా మీదే. మీ యాత్రలో కొరత ఏమీ లేదు.

రోజువారీ నమాజులు

ఫజ్ర్‌కు దాదాపు గంట ముందు ఒక అజాన్ అవుతుంది. అది తహజ్జుద్ (రాత్రి చివర చేసే ఐచ్ఛిక నమాజు) వేళకు లేపే అజాన్. దాన్ని విని ఫజ్ర్ చదివేసుకోవద్దు. అస్ర్ మన హనఫీ సమయంకన్నా ముందే అవుతుంది. సూరా ఫాతిహా కాగానే "ఆమీన్" బిగ్గరగా వినిపిస్తుంది. ఇవి చూసి గదిలో వాదనలు మొదలుపెట్టేవారు ఉంటారు, వాళ్లతో చేరవద్దు. ఇమాం వెనుక జమాత్‌తో చదవండి. లోపల డ్రమ్ముల్లో ఉండేది మక్కా నుంచి తెచ్చిన జంజమ్ నీరు. చల్లబరచనిది కూడా వేరుగా ఉంటుంది, గొంతు పట్టేవారు అదే తాగండి.

మన దేశపు హాజీలకు మదీనాలో సుమారు ఎనిమిది రోజుల బస ఉంటుంది. ఎడతెగకుండా 40 నమాజులు పూర్తిచేసుకోవాలన్న తపన దీనికి కారణం. ముస్నద్ అహ్మద్ అనే సంకలనంలోని ఒక హదీసు దీనికి ఆధారం, చాలామంది హదీసు పండితులు దాన్ని బలహీనమైనదిగా ఎంచారు. ప్రయత్నించండి, మంచిదే. జ్వరం వల్లనో బస్సు వేళల వల్లనో ఒకటి తప్పిందని హజ్‌కు లోటు వచ్చినట్టు ఏడవవద్దు. మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లిదండ్రులను లెక్క కోసం లాక్కెళ్లవద్దు.

పక్కవారితో

ఆ మసీదులో ఒక పల్లెవాసి మూత్రం పోశాడు. సహచరులు కోపంతో లేచారు. ప్రవక్త (స) వాళ్లను ఆపి, అతణ్ణి పూర్తి కానిచ్చి, ఒక బొక్కెన నీళ్లు పోయించారు. మీరు సులభం చేయడానికి పంపబడ్డారు, కష్టపెట్టడానికి కాదన్నారు. మన ముందు నుంచి దాటినవారి మీద, కాలు తొక్కినవారి మీద, భాష రాక అడ్డం నిలబడినవారి మీద అరవబోయే ముందు ఈ సంఘటన తలుచుకోవాలి. అదే మసీదులో ఇద్దరు గట్టిగా మాట్లాడుతుంటే హజ్రత్ ఉమర్ (రజి) పిలిపించి ఏ ఊరని అడిగారు. తాయిఫ్ అన్నారు వాళ్లు. "ఈ ఊరివారై ఉంటే దండించేవాణ్ణి, రసూలుల్లాహ్ మసీదులో గొంతులు పెంచుతారా" అని మందలించి వదిలేశారు.

ఇంకొకటి. ఆ మసీదును ఊడ్చే ఒక నల్లజాతి మహిళ ఉండేది. ఆమె చనిపోతే సహచరులు దాన్ని పెద్ద విషయంగా ఎంచక, ప్రవక్త (స)కు చెప్పకుండానే ఖననం చేశారు. ఆయన ఆమె కనబడటం లేదేమని అడిగి, విషయం తెలిసి, నాకెందుకు చెప్పలేదన్నారు. సమాధి ఎక్కడో చూపించమని వెళ్లి నమాజు చేశారు. ఇప్పుడు అక్కడ తివాచీలు దులిపేవారిలో, నేల తుడిచేవారిలో మన ఉపఖండం నుంచి వెళ్లినవారు చాలామంది. వాళ్లు తుడుస్తుంటే పక్కకు జరగండి, సలాం చెప్పండి, క్షేమం అడగండి. తాగిన గ్లాసు, తిన్న ఖర్జూరపు గింజ కింద పడేయకండి. మదీనా మర్యాదల పట్టికలు చాలా ఉన్నాయి, వాటిలో ఇది కనిపించదు. నాకైతే ఇది ముందు వరుసలో ఉండాల్సిన మర్యాద అనిపిస్తుంది.

చుట్టుపక్కల

మసీదుకు తూర్పున జన్నతుల్ బఖీ అనే ఖనన స్థలం ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి), ప్రవక్త (స) కుమార్తెలు, పసివాడుగా పోయిన కుమారుడు ఇబ్రాహీం అక్కడ ఉన్నారు. రాళ్లు తప్ప పేర్లు ఉండవు. సాధారణంగా పురుషులనే లోపలికి పంపుతారు. సమాధుల వాసులకు సలాం చెప్పి, వారి క్షమాపణ కోసం దుఆ చేసి రండి. ఉహుద్ కొండ ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలో ఉంది. 625లో అక్కడి యుద్ధంలో అమరులైన, ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) తదితరులకు సలాం చెప్పండి, కొండ మీది రాళ్లు ఏరుకుని తేవద్దు.

ఖుబా మసీదుకు మాత్రం తీరిక చేసుకోండి. దైవప్రవక్త (స) మదీనాకు వస్తూ మొదట కట్టిన మసీదు అది. నడిచో, వాహనం మీదో ప్రతి శనివారం అక్కడికి వెళ్లేవారు. ఇంటి దగ్గర శుద్ధి చేసుకుని వెళ్లి అందులో నమాజు చేసినవారికి ఉమ్రా చేసినంత పుణ్యం అని హదీసు. కాబట్టి వుజూ మీ గదిలోనే చేసుకుని బయలుదేరండి. బృందం బస్సు మిమ్మల్ని అరగంటలో నాలుగు చోట్ల తిప్పుతుంది. వీలైతే శనివారం పొద్దున మళ్లీ మీరే వెళ్లండి. మస్జిదె నబవీ నుంచి మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, నడవగలిగినవారికి హాయిగా సాగే దారి.

తిరుగు ప్రయాణం

మదీనా వదిలేటప్పుడు మక్కాలోని విదాయీ తవాఫ్ (వీడ్కోలు ప్రదక్షిణ) వంటి విధి లేదు. చివరి నమాజు చదువుకుని, వీలైతే మరోసారి సలాం చెప్పి, ఎడమకాలు ముందుపెట్టి బయటికి రండి. అక్కడి నుంచి ఉమ్రా కోసం మక్కా వెళ్తున్నట్లయితే మీ మీఖాత్ (ఇహ్రాం కట్టుకోవాల్సిన హద్దు) జుల్ హులైఫా. డ్రైవర్లు అబ్యార్ అలీ లేదా బీర్ అలీ అంటారు. స్నానం గదిలోనే చేసి ఇహ్రాం దుస్తులు కట్టుకుని బస్సు ఎక్కితే అక్కడి రద్దీలో ఇబ్బంది ఉండదు. మీఖాత్‌లో రెండు రకాతులు చదివి, సంకల్పం చెప్పుకుని, తల్బియా ('లబ్బైక్' పలుకులు) అక్కడ మొదలుపెట్టండి. రైలులో వెళ్లేవారికి దారిలో మీఖాత్ దగ్గర ఆగే వీలుండదు కాబట్టి ఇహ్రాం కట్టుకునే రైలెక్కి, మీఖాత్ దాటకముందే సంకల్పం చెప్పుకోవాలి.